శాంపిల్ నంబర్ ఏడు

సిలబస్‌లో హిమానీనదం ఉంది.
కాలేజీ ఖాతాలో ఒక బస్సు, ఒక పూట టిఫిను,
గరివిడి దాకా డీజిలు.

కాబట్టి గరివిడే.
మూడో సంవత్సరం జియాలజీ, పదకొండు మందిమి,
నాలుగు సుత్తులు, ఒకటే దిక్సూచి.
అది గేదెల మాస్టారి మెడలో
తాయెత్తులా వేలాడుతూంది.

మూతపడ్డ మాంగనీసు గొయ్యి అంచున నిలబెట్టి
"ఇప్పుడు దీన్నిండా మంచు ఉందనుకోండి" అన్నారు.
ఏప్రిల్. పదిన్నర.
చున్నీలు నెత్తిన కప్పుకుని
అనుకోడానికి చూశాం.
"నీళ్ళు కోస్తే లోయ వి అక్షరంలా ఉంటుంది,
మంచు కోస్తే యు.
నీళ్ళకి తొందర. మంచుకి బరువు."
గోతి అడుగున పచ్చటి నీళ్ళలో ఒక గేదె
ముక్కు మాత్రం పైకి పెట్టి
మా పాఠం వింటూంది.

మా మామ్మ ఈ గోతిలోనే రాయేరింది.
నల్లదొక గంపలోకి, తెల్లదొక గంపలోకి.
"ఆ రాళ్ళు సూడ్డానికి బస్సు కట్టించుకుని ఎల్తన్నారేటే?
మాకు కూలిచ్చి సూపించీవోరు" అంది పొద్దున్న
కేరేజీ మూత బిగిస్తూ.
పక్కనున్న కోడూరు పేరు ఒక రాయికి పెట్టారని
మా పుస్తకంలో ఉంది.
మామ్మ పేరు ఏ మస్టర్లో ఉందో,
దాన్నే చెదలు చదివిందో.

"మంచు మెత్తన కదా సార్, రాయినెలా గీస్తుంది?"
హేమలత అడిగింది.
కిలోమీటరు మందం, వేల ఏళ్ళు, అన్నారు మాస్టారు.
ఎవరికీ ఎక్కలేదు.

తిరుగుదారిలో చీపురుపల్లి.
చెరుకురసం కొట్టు ముందు బస్సాగింది.
అప్పుడే వ్యానులోంచి ఐసు దిమ్మ దించుతున్నారు.
కుర్రాడొకడు కొక్కెం తగిలించి
సిమెంటు అరుగు మీద కర్రుమని ఈడ్చుకుపోయాడు.
మైలపల్లి తాతారావు,
మూడేళ్ళలో క్లాసులో మూడు మాటలాడనివాడు,
గ్లాసు పక్కనపెట్టి "అదిగో సార్" అన్నాడు.

"మా రేవుకాడ ఐసు ఫేక్టరీలో
సెలవలకి నానూ ఈడ్సీవోణ్ణి.
ఉత్త ఐసు గీయదు సార్.
కిందన ఇసకంటుకుంటాది, ఆ ఇసక గీస్తాది.
ఐసు మోస్తాది, అంతే."

అరుగు మీద పక్కపక్కన సన్నటి గీతలు,
ఇంకా తడిగా.
మాస్టారు గొంతుక్కూర్చుని
మెడలోంచి దిక్సూచి తీసి వాటి మీద పెట్టారు.
"రాసుకోండి. ఉత్తరానికి ఇరవై డిగ్రీలు తూర్పు."
పదకొండు నోటుబుక్కులు తెరుచుకున్నాయి.
"మంచు ఎటునుంచి వచ్చింది?"
"కళింగపట్నం సైడునుంచండి"
నోట్లో బీడీ తీయకుండానే వ్యాను డ్రైవరు.
నవ్వాం. మాస్టారు నవ్వలేదు.
అదీ రాసుకోమన్నారు.

దిమ్మనుంచి విరిగిన మూలొకటి
కాలవ గట్టున కరుగుతూంది.
దాని చుట్టూ నిలబడ్డాం, ఊరికే.
బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.
ముందు అంచులు పోయాయి, తర్వాత మెరుపు,
ఆఖరికి చిటికెడు నల్లిసక,
అందులో పసిపిల్ల గోరంత గవ్వ ముక్క,
సముద్రం వాసనైనా రాని చోట.

"తాను మోసుకొచ్చిన రాయిని
దానిది కాని నేల మీద దింపేసి
మంచు వెళ్ళిపోతుంది. దాన్ని..."
మాస్టారు తెలుగు మాట కోసం వెతుక్కున్నారు.
"వలసరాయి అందాం."
తాతారావు ఆ ముక్క తీసి, చొక్కాకి తుడిచి,
తుడవకూడదేమోనని
మళ్ళీ ఇసకలో దొర్లించాడు.

ప్రాక్టికల్స్ రోజు బల్ల మీద
ఖొండలైటు, చార్నొకైటు, మామ్మ గంపలోని నలుపు,
చివర ఒక అగ్గిపెట్టె.
విశాఖనుంచి వచ్చిన పరీక్షకుడు మూత తీసి
"ఇదేమిటమ్మా?"
"హిమానీనదం తెచ్చిందండి."
"ఎక్కడి హిమానీనదం?"
"చీపురుపల్లిదండి."
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
నాకు పదికి ఆరు. తాతారావుకి తొమ్మిది.

మొన్న అటు వెళ్తే
కొట్టు అరుగుకి టైల్సు వేసేశారు.
కొత్త కుర్రాడు, అదే కొక్కెం.
రసం తాగుతూ చెప్పుకాలితో తడిమి చూశాను.
కిందెక్కడో ఉండే ఉంటాయి,
ఉత్తరానికి ఇరవై డిగ్రీలు తూర్పుగా.